మేకలు నాకిన రాళ్ళు

కోర్టుకు పోయే జీపు నాలుగింటికి బయల్దేరుతుందని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నరహరి చెప్పాడు. ఆలోపు ఏం చేసుకుంటావో చేసుకో అన్నాడు. కూర్చోమని మాత్రం అనలేదు. మంగీలాల్ తనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇదే స్టేషన్లో హెడ్ కానిస్టేబులుగా ఏళ్ళ తరబడి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఉద్యోగం వాళ్ళ మొహాన కొట్టి ఖమ్మంలో ప్రైవేటు డిటెక్టివ్‌నని బోర్డు పెట్టుకున్నాక కూడా ఇంకా నిలబడడానికి అతనేం పిచ్చివాడు కాదు.

"తండావోళ్ళు పిలిస్తే తండావోడే వచ్చిండు," అన్నాడు నరహరి, పక్కనున్న రైటరు వంక చూస్తూ.

"తండావోణ్ణి కాబట్టే వచ్చిన సార్. మీరు పట్టుకున్నది లంబాడీ ఆడమనిషిని. ఆమె బట్టల సంగతి మీకంటే నాకు ఎక్కువ ఎరుక."

నరహరి చెడ్డవాడని ఎవరూ అనరు. పైసా ముట్టడు, పెద్దలకు వంగడు. కానీ తేలిపోయిందనుకున్న కేసును మళ్ళీ తెరవమంటే మాత్రం సొంత ఆస్తి రాసిమ్మన్నట్టు గింజుకుంటాడు. ఇప్పుడూ అదే పని చేస్తున్నాడు. కేసు మొత్తం వేళ్ళ మీద చెప్పాడు, చెబుతున్నంత సేపూ ఆ వేళ్ళనే మెచ్చుకోలుగా చూసుకున్నాడు.

చనిపోయినవాడు కోదండపాణి, కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే లెక్చరరు. దమ్మపేట దాటి భద్రాచలం అడవి మొదలయ్యే చోట ఎర్రవాగు ఉంది. ఆ వాగు ఇసుకలో, బద్యా తండా ఆడవాళ్ళు బట్టలు ఉతికే రేవు పక్కన, ఈ చలికాలంలో వింత రాళ్ళు బయటపడ్డాయి. రాతి నిండా గుల్లలు, నత్త చుట్టలు, గవ్వలు, అన్నీ రాయైపోయినవి. కోదండపాణి వచ్చి చూసి, ఇవి సముద్రపు జీవాల శిలాజాలని, ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేదని చెప్పాడు. పేపర్లో ఫోటో పడింది. గుల్లలున్న చోట సున్నపురాయి ఉంటుంది, సున్నపురాయి ఉన్న చోట సిమెంటు ఫ్యాక్టరీ లేస్తుంది. మద్రాసు నుంచి కంపెనీ మనిషి వచ్చి రాళ్ళు పట్టుకుపోయాడు. వాగొడ్డున బీడుగా పడి ఉన్న వెంకటరామారావు గారి భూమికి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. ఆ బీడును ఆనుకుని తండావాళ్ళ చేలు ఉన్నాయి. ఫ్యాక్టరీ వస్తే అవి పోతాయి.

సర్వే వాళ్ళు గొలుసు పట్టుకుని వచ్చిన రోజు, ఇప్పుడు లాకప్‌లో ఉన్న తండా మనిషి హేమ్లి ఆ గొలుసు మీద కాలేసి నిలబడింది. తీయమంటే తీయలేదు. కోదండపాణిని కూడా నలుగురిలో నిలదీసింది. ఆదివారం పొద్దున అతను వాగులో శవమై కనబడ్డాడు, తల పగిలి ఉంది. శనివారం పొద్దుగూకేవేళ హేమ్లి వాగు దగ్గర అతనితో కొట్లాడుతుంటే చూశానని ఉప్పు వ్యాపారి పిచ్చయ్య వాంగ్మూలం ఇచ్చాడు.

"శవం పిడికిట్ల గవ్వ ఉంది," అన్నాడు నరహరి. "ఆమె పేటియాకు ఒక గవ్వ తక్కువుంది. పెనుగులాటల ఊడింది. ఇంకేం కావాలె నీకు?"

పేటియా అంటే లంబాడీ ఆడవాళ్ళు కట్టుకునే లంగా. దాని అంచుకు అద్దాలు, గవ్వలు కుడతారు. గవ్వ తక్కువుందని ఎవరు చూశారని మంగీలాల్ అడిగాడు. స్టేషన్లో ఆడ కానిస్టేబులు లేదు కదా, అందుకని వెంకటరామారావు గారి భార్య సుబ్బరత్నం గారిని పిలిపించామని నరహరి చెప్పాడు. ఆమె మహిళా మండలి అధ్యక్షురాలు, ఊళ్ళో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతుంది, మర్యాదస్తురాలు. ఎప్పుడు ఆడ ముద్దాయి దొరికినా ఆమెనే పిలుస్తారు. హేమ్లిని రైటరు గదిలోకి తీసుకెళ్ళి, తను తెచ్చిన చీర ఇచ్చి, పేటియాను మూట కట్టి తెచ్చి ఇచ్చింది. గవ్వ తక్కువున్న చోటు చూపించింది కూడా ఆమే. ఆ మూటకు నరహరి స్వయంగా లక్క సీలు వేశాడు. ఇవాళ ఖమ్మం కోర్టు దాకా హేమ్లికి తోడుగా వచ్చేదీ ఆమేనట.

"శవం చేతిల దొరికిన గవ్వ చూడొచ్చా సార్?"

రైటరు పొట్లం విప్పాడు. మంగీలాల్ దాన్ని అరచేతిలో వేసుకున్నాడు. వేసుకున్న క్షణమే అతనికి నవ్వొచ్చింది, నవ్వు వెనకాలే కోపం వచ్చింది. గవ్వ బరువుగా ఉంది. నోరు తెరుచుకుని లేదు, దాని నిండా తెల్లటి రాయి గట్టిగా పూడుకుపోయి ఉంది. అన్నిటికంటే ముఖ్యం, గవ్వ వీపు గుండ్రంగా, నిండుగా ఉంది.

చిన్నప్పుడు వాళ్ళమ్మ సోమ్లి అతన్ని కూర్చోబెట్టి గవ్వలు అరగదీయించేది. గవ్వను వెల్లకిలా పట్టి, వీపును బండ మీద నీళ్ళు చల్లి రుద్దాలి. రుద్దగా రుద్దగా వీపు పోయి బొక్క పడుతుంది. అప్పుడే సూది దూరుతుంది, అప్పుడే గవ్వ బట్టకు ఆనుకుని కూర్చుంటుంది. వేళ్ళ చివర్లు మండిపోయేవి, పారిపోతే చెవి మెలిపెట్టేది. వీపున్న గవ్వను కుట్టిన లంబాడీ ఆడది ఈ భూమ్మీద పుట్టలేదు. ఈ గవ్వ ఏ బట్ట మీదా ఏనాడూ లేదు. ఇది గవ్వే కాదు, రాయి. గవ్వ కనబడగానే లంబాడీదాని బట్టే గుర్తొచ్చింది కానీ, వాగు నిండా గవ్వ రాళ్ళు ఉన్నాయని ఈ మహానుభావులకు గుర్తు రాలేదు.

ఆ మాట అప్పుడే అనేస్తే నాలుగింటిలోపు పొట్లంలో ఇంకో గవ్వ ఉంటుందేమోనని అతనికి అనుమానం. అందుకని నోరు మూసుకుని, పొట్లాన్ని నరహరి చేతికే ఇచ్చి, సొరుగులో పెట్టి తాళం వేసుకోమన్నాడు.

"నా మీద నమ్మకం లేదా?"

"మీ మీద ఉంది సార్. మీ స్టేషన్ మీద లేదు."

రైటరు దగ్గాడు. నరహరి మొహం ఎర్రబడింది, అయినా తాళం వేశాడు. మంగీలాల్ ఇంకొకటి అడిగాడు, శవం పక్కన దొరికిన సంచిలో చిన్న గాజు బుడ్డి ఉందట కదా, అది కావాలన్నాడు. కంట్లో వేసుకునే మందు అది, ఏం చేసుకుంటావని రైటరు అడిగాడు. కంట్లో వేసుకోకపోవడమే మంచిదైంది, యాసిడ్ అది, రాళ్ళ పరీక్షకు వాడతారని చెప్పి, సంతకం పెట్టి తీసుకున్నాడు.

"పరీక్ష ఎందుకు? ఆ రాళ్ళు సముద్రానివేనని మేకలకు గూడ ఎరుకే," అన్నాడు నరహరి, ఇంకా వదల్లేక. "మంద మందంతా పోయి నాకుతున్నయ్. కోట్ల ఏండ్ల కిందటి సముద్రం ఉప్పు ఇంక పోలే. వెంకటరామారావు గారు కంపెనీవాళ్ళకు గదే చూపించిండు."

మంగీలాల్ ఆ మాటను మనసులో ముడివేసుకున్నాడు.

లాకప్‌లో హేమ్లి నల్ల కంబళి కప్పుకుని కూర్చుంది. సుబ్బరత్నం గారి చీర మడత విప్పకుండా ఊచల బయట పడి ఉంది. అది ఎందుకు కట్టుకోలేదని అడిగితే, నా బట్ట గుంజుకున్నోళ్ళ బట్ట నేనెట్ల కట్టుకుంట అంది. అన్నం కూడా తండా నుంచి వచ్చిన రొట్టె తప్ప ముట్టలేదు. మనిషి అలసిపోయి ఉంది, బెదిరి మాత్రం లేదు. శనివారం సాయంత్రం తాను వాగు దగ్గరికే పోలేదని, దూడ తప్పిపోతే మొగుడు లచ్చిరాంతో కలిసి అడవిలో వెతుక్కుంటున్నానని చెప్పింది. ఆ మాట పోలీసులకు చెప్పలేదా అంటే, మొగుడి సాక్ష్యం చెల్లదన్నారట.

అసలు అడగాల్సిన ప్రశ్న మంగీలాల్ అప్పుడు అడిగాడు. పేటియా తీసి ఇచ్చేటప్పుడు గవ్వ ఊడి ఉందా లేదా?

హేమ్లి అతని వైపు జాలిగా చూసింది. "గవ్వ ఊడిన పేటియాతోటి నేను ఇల్లు దాటుతనా భియా? మీ అమ్మ దాటేదా?"

దాటేది కాదు. అర్ధరాత్రైనా సరే దీపం పెట్టుకుని కుట్టుకున్నాకే పడుకునేది. ఇక ఆ విషయం మీద అతనికి రుజువు అక్కర్లేదు. నరహరికి మాత్రం కావాలి. సాయంత్రం ఈ మనిషి ఖమ్మం జైలుకు పోతే మళ్ళీ ఎన్ని నెలలకు బయటికొస్తుందో చెప్పలేం. ఆమె లేకపోతే గొలుసు మీద కాలేసేవాళ్ళు తండాలో ఇంకెవరూ లేరని అవతలివాళ్ళకీ తెలుసు.

అతను స్కూటరు తీసి నేరుగా ఎర్రవాగుకు పోయాడు.

రేవులో ఎవరూ లేరు. మేకలు మాత్రం ఉన్నాయి. గుల్లల రాళ్ళు ఇసుక మీద అక్కడక్కడా పరుచుకుని ఉన్నాయి, ఒక్కొక్క రాతి దగ్గర రెండు మేకలు పోటీలు పడి నాకుతున్నాయి. మంగీలాల్ ఒకదాన్ని చెవి పట్టి పక్కకు లాగి, తనూ వంగి రాతికి నాలుక ఆనించాడు. ఉప్పగానే ఉంది. నరహరి చెప్పింది అక్షరాలా నిజం.

తల ఎత్తితే ఒడ్డున చెట్ల కొమ్మలకు ఎండిన గడ్డి, చెత్త చిక్కుకుని వేలాడుతోంది. శ్రావణంలో వరద అంత ఎత్తున వచ్చిపోయిన గుర్తు అది. మంగీలాల్‌కు ఒళ్ళు మండింది. కోట్ల ఏళ్ళ ఉప్పట! కుండెడు నీళ్ళు పోస్తే కరిగే ఉప్పు, ఒక్క వానాకాలానికే తట్టుకోలేదు. ప్రతి ఏటా వరద కడిగే వాగులో అది ఏ దేవుడి మహిమతో నిలిచింది? ఈ రాళ్ళు వాన చూడలేదు. వానలు వెనకబట్టాక వచ్చి పడ్డాయి.

బుడ్డి మూత తీసి వాగులోని మామూలు రాతి మీద ఒక చుక్క వేశాడు. చుక్క చుక్కలాగే ఉండిపోయింది. గుల్ల రాతి మీద వేస్తే బుసబుసమని పొంగింది. నిన్న కాలేజీలో కోదండపాణి స్నేహితుడొకాయన చెప్పింది సరిగ్గా ఇదే. ఈ అడవిలో ఉన్నదంతా బొగ్గు కాలం నాటి ఇసుకరాయి, అందులో ఆకుల అచ్చులు దొరుకుతాయి కానీ సముద్రపు గుల్లలు దొరకవు. అటువంటి గుల్లల రాళ్ళు దొరికేది గోదావరి దిగువన, రాజమండ్రి వైపు. కోదండపాణి మొదట సంబరపడి పేపరుకెక్కాడు, తర్వాత వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదట. తప్పు చెప్పాను, దిద్దుకోవాలి అన్నాడట. దిద్దుకోకముందే చచ్చిపోయాడు.

మంగీలాల్ ఒక పెద్ద రాతిని రెండు చేతులా పట్టి తిరగేశాడు. దాని కింద ఇసుకకు అంటుకుని టేకు ఆకు ఉంది. ఎండింది కానీ కుళ్ళలేదు, ఈనెలు ఈనెలుగా తెలుస్తోంది. ఈ చలికాలంలో రాలిన ఆకు. కోట్ల ఏళ్ళ రాయి పోయి పోయి ఈ ఏడు రాలిన ఆకు మీద పడుకుంది. ఇంకో రాతి గుల్లల సందుల్లో గరుకు ఉప్పు బెడ్డలు, వాటితో పాటు గోనె పీచు రెండు పోగులు దొరికాయి. ఉప్పు బస్తాల్లో వేసి మోసుకొచ్చారు. బస్తాల ఉప్పు రాళ్ళకు అంటింది. మేకలు నాకుతుంటే దాన్నే సముద్రానికి సాక్ష్యమని కంపెనీవాళ్ళకు చూపించారు.

పనితనానికి మెచ్చుకోవాలో తిట్టాలో అతనికి తెలియలేదు. తిట్టాడు, లంబాడీ భాషలో, మేకలు తల ఎత్తి చూసేట్టు.

ఈ అడవి పల్లెలకు కోస్తా నుంచి గరుకు ఉప్పు తెచ్చేది పిచ్చయ్య ఒక్కడే. అతని కొట్టు రోడ్డు పక్కనే ఉంది. మంగీలాల్ లోపలికి పోయి, ఉప్పు అడగలేదు, ఖాళీ బస్తాలు అడిగాడు. లేవన్నాడు పిచ్చయ్య. ఎందుకు లేవంటే అమ్మేశానన్నాడు. ఎవరికంటే, ఎవరెవరికో అన్నాడు. ఆ మాట అంటూ ఖాళీ త్రాసు పళ్ళేన్ని తుడవడం మొదలుపెట్టాడు.

మంగీలాల్ రాతి సందులో నుంచి తీసిన ఉప్పు బెడ్డను, గోనె పోగును ఆ పళ్ళెంలోనే పెట్టాడు. ఉప్పు నీదే, బస్తా నీదే అన్నాడు. రాళ్ళు తెచ్చి వాగులో పోసిన మోసం బయటపడే రోజున కంపెనీవాళ్ళు ఎవరి మీద పడతారు, లెక్చరరును ఎవరు చంపారని పోలీసులు ఎవరిని అడుగుతారు అని నెమ్మదిగా అడిగాడు. పైగా తప్పుడు సాక్ష్యం చెప్పినవాడివి నువ్వే. పెద్దవాళ్ళు పక్కకు తప్పుకుంటే మిగిలేది నువ్వొక్కడివే.

పిచ్చయ్య రోడ్డు మీదకు అటూ ఇటూ చూశాడు. తర్వాత కొట్టు తలుపు సగం మూశాడు.

"బస్తాలు అడిగితే ఇచ్చానండీ. మా లారీలోనే ఎత్తి తెచ్చారు, నేను కాదనలేదు. ఆ అమ్మాయిని వాగు దగ్గర చూసింది అబద్ధం. ఆ పూట నేను చూసింది కారుని."

"ఎవరి కారు?"

"ఆ పేరు నా నోట చెప్పించకండి. నా కొట్టు వాళ్ళ నేలలో ఉంది."

ఆ నేల వెంకటరామారావుదని ఊరంతా తెలుసు. అంతకంటే పిచ్చయ్య నోరు విప్పలేదు. ఇన్‌స్పెక్టరు అడిగితే మాత్రం అబద్ధం వెనక్కి తీసుకుంటానన్నాడు. మంగీలాల్ అతను మాట మార్చుకునేలోపు స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని స్టేషన్‌కు తెచ్చాడు. దారి పొడుగునా అతనికి వెంకటరామారావు మొహమే కనబడుతోంది. ఒక్కటే కుదరడం లేదు. సీలు వేసిన మూటలో గవ్వ ఎట్లా తగ్గింది? ఆ మగమనిషి రైటరు గదిలోకి రాలేదు కదా.

స్టేషన్ ముందు జీపు సిద్ధంగా ఉంది. నరహరి టోపీ పెట్టుకుంటున్నాడు. పిచ్చయ్య గొణుగుతూ చెప్పిందంతా విన్నాడు, విని టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. మంగీలాల్ సొరుగు తాళం తీయించి, రాతి గవ్వను బల్లకేసి కొట్టాడు. ఠక్కుమని మోగింది. చిన్న పెచ్చు ఊడింది, లోపల డొల్ల లేదు, రాయే ఉంది. పెచ్చు ఊడిన చోట యాసిడ్ చుక్క వేస్తే వాగులోని గుల్ల రాళ్ళలాగే పొంగింది. వీపు అరగని గవ్వను ఎవరూ కుట్టరని, ఇది రాళ్ళ మోసం రుజువు చేయడానికి కోదండపాణి చేత్తో పట్టుకుపోయిన శిలాజమని, చచ్చేదాకా వదల్లేదని చెప్పాడు.

నరహరి మొండివాడు. "రాయైతే అయింది. పేటియాకు గవ్వ తక్కువున్న మాట నిజమే గద."

"నేను అడిగేది గదే సార్. మరి ఆ గవ్వ ఏది?"

నరహరి తన సీలు తనే పగలగొట్టి మూట విప్పాడు. ఎరుపు, నీలం పేటియా బల్ల నిండా పరుచుకుంది. గవ్వ లేని చోట ఎర్ర దారం కొసలు రెండు నిక్కి ఉన్నాయి, రెండూ సమానంగా, నున్నగా. మంగీలాల్ పక్క గవ్వను పట్టుకుని బలమంతా పెట్టి గుంజాడు. బట్ట ముడుచుకుంది, కుట్టు కదల్లేదు. తండాలో రెండు పేటల దారంతో కుడతారు, గుంజితే బట్ట చిరుగుతుంది కానీ దారం తెగదు. ఇది తెగింది కాదు, కత్తిరించింది. పెనుగులాటలో ఎవరూ కత్తెర పెట్టి కత్తిరించరు.

"సీలు నేనేసిన," అన్నాడు నరహరి.

"సీలు వెయ్యకముందు ఎవరి చేతిల ఉంది సార్?"

బయట కారు ఆగింది. డ్రైవరు సీట్లో వెంకటరామారావు కూర్చునే ఉండిపోయాడు. సుబ్బరత్నం ఒక్కతే దిగి వచ్చింది, నేత చీర, నుదుట పెద్ద బొట్టు, భుజానికి గుడ్డ సంచి. సంచిలోంచి కొలతల టేపు కొస బయటికి వేలాడుతోంది. పిల్ల తయారైందా, పోదామా అని అడిగింది. అప్పుడు బల్ల మీద పేటియా కనబడింది.

"ఇదేంటండీ ఇన్‌స్పెక్టర్ గారూ, సీలు విప్పేశారు?" అంది నెమ్మదిగా.

మంగీలాల్ ఆమె పుట్టిల్లు ఏ వైపని అడిగాడు. రాజమండ్రి వైపని ఆమె దాచకుండానే చెప్పింది. ఆ వైపు గుల్లల రాళ్ళు దొరుకుతాయట కదా అంటే, రాళ్ళు లేని ఊరేది బాబూ అని నవ్వింది. ఆ నవ్వు చూసి నరహరి చూపులు టేపు మీదకు, టేపు నుంచి సంచి మీదకు పోయాయి.

"అమ్మా, ఆ సంచి చూడాలె."

"నా సంచా?" ఆమె గొంతు పెంచలేదు. "ఆడమనిషిని సోదా చేయాలంటే ఆడమనిషి ఉండాలని నాకు చెప్పింది మీరే. మీ స్టేషన్లో ఆడవాళ్ళెవరున్నారు? ఎప్పుడూ నన్నే కదా పిలుస్తారు."

రైటరు నేల చూశాడు. మంగీలాల్ నోరు తెరవబోయాడు, కానీ ఆ అవసరం రాలేదు. నరహరి కానిస్టేబులు వైపు తిరిగి లాకప్ తాళం తీయమన్నాడు.

"హేమ్లీ, ఇటు రా అమ్మా. నీ మీద నా దగ్గర ఇక కేసు లేదు. ఈ సంచి నువ్వు చూడు, మేము సాక్ష్యం ఉంటం."

హేమ్లి కంబళి గట్టిగా బిగించుకుని వచ్చింది. సుబ్బరత్నం సంచిని పొట్టకు అదుముకుంది. హేమ్లి చెయ్యి చాపి నిలబడింది, లాక్కోలేదు, అడగలేదు, చాపిన చెయ్యి దించలేదు. చివరికి సంచి చేతికొచ్చింది. టేపు, సుద్దముక్క, కత్తెర, తర్వాత పాత పిప్పరమెంట్ల రేకు డబ్బా. హేమ్లి డబ్బా మూత తీసి బల్ల మీద బోర్లించింది. గుండీలు, కొక్కేలు, పూసలు దొర్లాయి. వాటి మధ్యన ఒక గవ్వ దొర్లకుండా బోర్లా పడి ఆగింది. వీపు అరిగి బొక్క పడి ఉంది, బొక్కలో ఎర్ర దారం ముక్క ఉంది.

కుట్టుపని చేసే చెయ్యి దేన్నీ పారేయదు. ఊడిన గుండీ, రాలిన పూస ఏదైనా డబ్బాలో పడాల్సిందే, చూడకుండానే వేస్తుంది. ఇంత పకడ్బందీగా మోసం నడిపిన మనిషి, కత్తిరించిన గవ్వను బయట తుప్పల్లోకి విసరడం మర్చిపోయి, తన అలవాటు చొప్పున డబ్బాలో వేసుకుంది.

అదే క్షణంలో బయట కారు స్టార్టయింది. సుబ్బరత్నం కిటికీ వైపు తిరిగింది. ఏవండీ అని పిలిచింది. కారు గేటు దాటి భద్రాచలం రోడ్డు ఎక్కింది. జీపు ఎక్కమని నరహరి అరుపుకు కానిస్టేబుళ్ళు పరుగెత్తారు. అప్పుడు మొదటిసారి ఆమె మొహంలో భయం కనబడింది. పోలీసులను చూసి కాదు, ఖాళీ అయిన గేటును చూసి. కుర్చీ అంచున కూర్చుంది.

"వాగు దగ్గర కొట్టింది ఆయనే," అంది. "రాళ్ళు తెప్పించాను, నిజమే. కంపెనీవాళ్ళు బోరు వేసి కింద రాయి ఉందో లేదో చూసేలోపు బీడు అమ్మేసుకుందామనుకున్నాం. ఆ లెక్చరరు ఒప్పుకోలేదు. నేను ఈ గవ్వ ఒక్కటే కోశాను."

"గవ్వ ఒక్కటే," అంది హేమ్లి.

గవ్వను రెండు వేళ్ళతో తీసి వెలుతురులో తిప్పి చూసుకుంది, పేటియాలో ఖాళీ చోట ఆనించి చూసుకుంది. సాక్ష్యమది, ఇప్పుడే ఇవ్వడం కుదరదు అన్నాడు నరహరి, ఈసారి గొంతులో కొంచెం సిగ్గుతో. హేమ్లి గవ్వను బల్ల మీద పెట్టింది.

"మంచిది. నా గవ్వకు, నా పేటియాకు రశీదు రాసియ్యి సారూ. కేసు అయినంక రెండూ నాకు రావాలె."

జీపు అప్పటికే హారన్ కొడుతోంది. మంగీలాల్ నవ్వు ఆపుకుంటూ రైటరు ముందున్న కాగితం అందించాడు. నరహరి నిలబడే కలం తీశాడు. పేరు తెలిసినా మళ్ళీ అడిగాడు.

"హేమ్లి. బద్యా తండా. ఎర్రవాగు ఒడ్డు నేల మాది. అది గూడ రాసుకో."

నరహరి రాశాడు.